గోధుమే అని రాసిన రిపోర్టు

ఆ రోజు పొద్దున్న కూడా నాన్న బేకరీ నుంచి వచ్చి, పెరట్లోనే తలారా స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కున్నాకే వంటింట్లో అడుగు పెట్టాడు. ఏడాదిగా ఇదే తంతు. ముప్పై ఏళ్ళు రొట్టెలు కాల్చి బతికిన మనిషి, కూతురికి గోధుమ పడదని తేలిన రోజు నుంచి ఇంట్లోకి పిండి నలుసు రానివ్వలేదు. తల్లి లేని పిల్ల కదా, వంటంతా ఆయనదే.

"తినమ్మా, చల్లారిపోతోంది," అన్నాడు పళ్ళెం ముందుకు జరిపి.

కూతురు ముట్టుకోలేదు. ఆస్పత్రి ల్యాబులో పేగు ముక్కలు చూసి రిపోర్టు రాయడమే ఆమె ఉద్యోగం. మొన్న తన పేగులోంచి తీసిన ముక్కను నిన్న తానే మైక్రోస్కోపు కింద పెట్టుకుని చూసింది. తిన్నదాన్ని పీల్చుకునే లోపలి చూషకాలు చక్కగానే కోలుకున్నాయి. కానీ వాటి పైపొరలో తెల్లకణాలు ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువగా దూరాయి. కొత్తవాళ్ళయితే గమనించకుండా దాటిపోయేంత చిన్న తేడా. గోధుమ ఇంకా లోపలికి పోతూనే ఉందని రాసేసింది.

"ఇందులో ఏం కలిపావు నాన్నా?"

"కలపడమేంటే?"

"నాటకాలొద్దు. ఇదంతా డాక్టర్ల పిచ్చి, ఒక్క బన్ను తింటే చస్తారా అని నువ్వు అనలేదూ?"

"ఎప్పుడో మొదట్లో, తెలీక అన్నాను."

"అప్పట్నుంచీ నాకు పరీక్ష పెడుతున్నావన్నమాట! చాటుగా కాస్త కాస్త కలిపి, చూద్దాం దీనికేమవుతుందో అని! నువ్వు పెట్టే ముద్దనే నమ్మలేకపోతే ఇంకెవర్ని నమ్మాలి నేను?"

పరాయివాళ్ళు చేసుంటే ఇంత మండేది కాదు. కన్నతండ్రి చేశాడే అన్నదే ఆమె కడుపుమంట.

"నీ మీద ఒట్టు తల్లీ..."

"ఒట్లెందుకు? స్లయిడు అబద్ధం చెప్పదు."

ఆయన మొహం పాలిపోయింది. "సరే, బేకరీ అమ్మేస్తాను. కొంటానన్నాయనకి సాయంత్రం మాటిచ్చేస్తా. అప్పుడైనా నా చేతి అన్నం తింటావా?" అన్నాడు.

"నీ ఇష్టం," అని ఆమె తినకుండానే వెళ్ళిపోయింది.

ల్యాబులో పెద్ద డాక్టరమ్మను అందరూ చాటుగా భూతద్దం అంటారు. కూతురు తన స్లయిడును పేరు చెప్పకుండా ఆవిడ ముందు పెట్టింది. ఆవిడ కూడా ఔనంటే నాన్న ఇక నోరెత్తలేడు.

"గోధుమ పడని మనిషి మేడం. ఏడాదిగా మానేశానంటోంది గానీ, గోధుమ ఇంకా పోతూనే ఉందని రాశాను."

భూతద్దం చాలాసేపు చూసింది. "రక్తపరీక్ష?"

"బాగానే ఉంది."

"మరి గోధుమ మీదికి ఎగబడ్డావేం? ఈపాటి తెల్లకణాలకి సవాలక్ష కారణాలు. నొప్పి మాత్రలేమైనా వాడుతోందా?"

కూతురి చెయ్యి తన మెడ మీదికి పోయింది. మైక్రోస్కోపు మీద వంగి వంగి వచ్చిన మెడనొప్పికి ఆరు నెలలుగా రోజూ రెండు మాత్రలు మింగుతోంది. నాన్నకు తెలిస్తే ఈ ఉద్యోగమే వద్దంటాడని చెప్పలేదు.

"వాడుతోంది... అయితే మాత్రల వల్లేనా మేడం?"

"కావచ్చు. గోధుమే కావచ్చు. కణాలున్నాయని స్లయిడు చూపిస్తుంది గానీ, ఎందుకొచ్చాయో చెబుతుందా? మాత్రలు ఆపి, కొన్ని నెలలాగి మళ్ళీ చూడాలి. అప్పటిదాకా తెలియదనే రాయి. సిగ్గేముంది అందులో?"

ఎవరో రోగి స్లయిడైతే మాత్రల సంగతి తనే మొదట అడిగేది. తనదయ్యేసరికి ఆ ప్రశ్నే తట్టలేదు. కోటు విప్పేసి, ఉరుకులు పరుగుల మీద బేకరీకి చేరింది. నాన్న వీధి మెట్టు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆమె గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పేసింది.

"అయితే నేను కలపలేదని తేలిందా?" అన్నాడాయన.

"లేదు నాన్నా. కొన్ని నెలలైతే గానీ తేలదు."

"మరి తేలాకే రావలసింది."

"నాకక్కర్లేదు. నువ్వు కలపవు. బుద్ధి గడ్డి తిని అన్నాను. బేకరీ అమ్మకు నాన్నా!" వీధిలో జనం చూస్తున్నారన్న ధ్యాసైనా లేకుండా భోరుమంది.

"అమ్మను గానీ, నువ్వన్న మాట అంత తొందరగా పోదమ్మా." ఆగి, ఆమె వైపు తిరిగాడు. "మెడ పట్టేస్తోందా? ఆరు నెలలా! నాకొక్క మాటైనా చెప్పలేదే!" పొద్దున్న అన్ని మాటలు పడ్డా రాని కన్నీళ్ళు అప్పుడొచ్చాయి ఆయనకు.

"నువ్వు బాధపడతావని..."

"ఇప్పుడు పడట్లేదూ?"

ఆమె ఆయన పక్కన కూలబడి, తల వంచి, ఎక్కడ నొప్పెడుతోందో వేలితో చూపించింది.