దొరసాని బుట్ట

పొద్దున్నే ఇస్త్రీపెట్టె కనిపించలేదు. సామానంతా వ్యానెక్కేసింది, పక్కింటావిడకి కుట్టిన గౌనొక్కటే ఆమె చేతిలో మిగిలింది. ఆమె ఆ సందుకంతటికీ దర్జీ. కుట్టిన బట్టను ముడతలతో ఇవ్వడమంటే ముఖం కడుక్కోకుండా వీధిలోకి వెళ్ళడమే ఆమె లెక్కలో.

"ఏమండీ, ఇస్త్రీపెట్టె చూశారా?"

"ఏ మూటలో ఉందో ఏమో! ఇవాళ్టితో నీకు కుట్లూ ఇస్త్రీలూ బంద్. హాయిగా పల్లెగాలి పీల్చుకో," అన్నాడు భర్త, తాళ్ళు బిగిస్తూ.

ఆయన జీవితమంతా బస్సు నడిపి ఈమధ్యే రిటైరయ్యాడు. బస్సు డ్రైవరు వెనక్కి తిరిగి 'ఎటు పోదాం?' అని అడగడు కదా. ఇంట్లోనూ అంతే. పల్లెలో ఇల్లు కొని, తాళంచెవులు చేతిలో పెట్టాకే ఆమెకు సంగతి చెప్పాడు. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనిషితో వాదించి ఏం లాభమని ఆమె నోరు కుట్టేసుకుంది. ఆ కుట్టు అప్పటినుంచీ లోపల గుచ్చుకుంటూనే ఉంది.

గౌనును చేత్తోనే సాపుచేసి ఇచ్చేసి వచ్చింది. వ్యాను భర్తే నడుపుతుంటే, పక్కన ముందు సీటుమీద కుక్క హవల్దారు దర్జాగా కూర్చుంది. వెనక సామాను మధ్య అత్తగారు, ఆమె, గుడ్డ కప్పిన పిల్లిబుట్ట. ఆ బుట్టను భర్తే స్వయంగా కట్టి ఎక్కించాడు.

దారంతా బుట్టలోంచి చప్పుడే లేదు. కత్తెర కిందపడితే ఇల్లు ఎగరగొట్టే పిల్లి దొరసాని!

"ఇదేంటండీ, నోరు మెదపడం లేదు?"

"భయపడి పడుకుందిలే. మూత తీశావంటే మన పని పిల్లిని చంకన పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టే," అని తన జోకుకు తనే నవ్వుకున్నాడు.

కొత్త ఇంటి ముందుగది చూడగానే ఆమె మనసు అక్కడే నిలిచిపోయింది. రోడ్డువైపు పెద్ద కిటికీ, నేలమీద పరుచుకున్న ఎండ. నల్ల గుడ్డమీద నల్ల దారం కూడా కనిపించేంత వెలుతురు.

"ఇది నా పనిముట్లకీ, హవల్దారుకీ. నీ మిషను వెనక కొట్టుగదిలో పెట్టిద్దాం. ఇక్కడ నీ దగ్గర కుట్టించుకునేదెవరు?" అన్నాడాయన.

ఆమె ఉక్రోషం దిగమింగుకుని బుట్ట ముందు కూర్చుని, "రావే దొరసానీ," అంటూ మూత తీసింది.

లోపల పాత దుప్పటి. దుప్పటిలో ఇస్త్రీపెట్టె.

అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏదండీ నా పిల్లి?"

ఆయన నీళ్ళు నమిలాడు. "పెరటి తలుపులోంచి వదిలేశాను. పక్కింటావిడ పాలు పోస్తానంది. కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది. ఇక్కడికి తెచ్చినా పారిపోయేది. నువ్వు ఏడుస్తావనే..."

"నేను ఏడవకూడదని బుట్టలో బరువు పెట్టి మోసం చేశారా? పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు, మీరు దాన్ని మించిపోయారు!"

"పిల్లి కోసం ఇంత గొడవా?"

"పిల్లి కోసమే! సరే, దాని లెక్క తేలింది. మరి నేనేంటి? కుక్కనా, పిల్లినా? మీరు విజిల్ వేస్తే వచ్చేస్తానని తెచ్చారా? నా సందు, నా మనుషులు, నా మిషను అన్నీ మీరే మూటకట్టేశారు. ఒక్కసారైనా నన్ను అడిగారా?"

"నీ సుఖం కోసమేగా..."

"నా సుఖమేదో నన్ను అడగండి! నాకూ నోరుంది!"

ఖాళీ బుట్ట చంకన పెట్టుకుని ఆమె గుమ్మం దాటింది. అత్తగారు సామాను మూటమీద నుంచి లేవకుండానే కొడుకును చూసింది.

"ఒరేయ్, మీ నాన్న కూడా నన్నెప్పుడూ ఏదీ అడగలేదు. నోరుమూసుకుని వెంట వచ్చాను, అది బాగుండి కాదు. వెళ్ళు, వ్యాను తియ్యి."

రోడ్డుమీద ఆమె పక్కన వ్యాను ఆగింది. ఆమె ఎక్కింది. కుక్కను ఒళ్ళోకి లాక్కుని కిటికీవైపు తిరిగి కూర్చుంది. ఆయన రెండుసార్లు దగ్గి ఊరుకున్నాడు.

పొద్దు వాలేసరికి పాత సందు మొదలు కనిపించింది. మలుపులో పక్కింటావిడ పాలగిన్నెతో నిలబడి గోడమీదికి చూస్తూ బతిమాలుతోంది. గోడమీద దొరసాని, ఇంటికి వీపు పెట్టి, పెద్దరోడ్డు వైపే చూస్తూ కూర్చుని ఉంది.

"హమ్మయ్య, వచ్చావా వదినా! అన్నయ్య చెబితే నీకూ తెలుసనే అనుకున్నాను. మీ వ్యాను వెంట ఇక్కడిదాకా పరిగెత్తింది. పొద్దుటినుంచీ గోడ దిగలేదు, పాలు ముట్టలేదు. ఎంత పిలిచినా ఇంటివైపు చూస్తే ఒట్టు!"

హవల్దారు తోక ఊపుతూ మొరిగింది. దొరసాని ఒక్క దూకున ఆమె భుజమెక్కి, జాకెట్టు చింపేంత గట్టిగా గోళ్ళు దించి పట్టుకుంది. ఆమె దాని మెడలో ముఖం దాచుకుని బావురుమంది.

ఆయన పిల్లిని చూశాడు, దాని వీపు వెనక తాళం పడిన పాత ఇంటిని చూశాడు. ముఖం చిన్నబోయింది.

"తప్పు చేశాను," అన్నాడు మెల్లగా. "దాన్నీ, నిన్నూ... ఇద్దరినీ అడగలేదు."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "ముందుగది నాది. మిషను ఆ కిటికీ దగ్గరే ఉండాలి. గేటుకి నా కుట్టుపని బోర్డు మీరే కట్టాలి."

"కడతాను."

"వారానికోసారి నన్ను ఇక్కడికి తీసుకురావాలి. నా గిరాకీలను నేను వదులుకోను."

"తెస్తాను. నా హవల్దారు మీద ఒట్టు," అన్నాడు. ఆమెకు నవ్వు రాబోయింది కానీ ఆపుకుంది. అంత తేలిగ్గా వదిలితే ఎలా?

పిల్లితో ముందు సీట్లో కూర్చుంది. ఆయన ఇంజను స్టార్టు చేసి, చేతులు స్టీరింగు మీద పెట్టి అలాగే ఉండిపోయాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు.

"ఎటు పోదాం?"