ఇటుకల పండగనాడు ఆపిన కారు

గెడ్డ పొంగి మా ఊరి కల్వర్టును కొట్టుకుపోయిన ఏడాది అది. తరవాత కొత్త కల్వర్టు కట్టారు, రోడ్డుకు తారు వేశారు. ఆ ఏడే కాఫీకి మంచి ధర వచ్చింది. రోడ్డూ ధరా కలిసేసరికి హుకుంపేట సంతకు కార్ల కంపెనీలు వచ్చి వాలాయి.

అంతకు ముందు మాకు తెలిసింది జీపు టాపు ఒక్కటే. ఇప్పుడు అల్లం బస్తాల పక్కన టెంటు, టెంటు ముందు తెల్ల కారు, కారుకు బెలూన్లు. దానికి ఎదురుగా ఇంకో టెంటు, ఎర్ర కారు.

తెల్ల కారు అమ్మేది కామేష్, గూడెం కొత్తవీధి కుర్రాడు. ఎర్ర కారు అమ్మేది సోని, మా ఊరి మంగ్లు కూతురు. కంపెనీలు వేరైనా ఇద్దరికీ బెదిరింపు ఒకటే. మా వేట పండగ, అదే ఇటుకల పండగ దాటేలోగా కొండ మీద ఒక్క కారైనా అమ్మాలి. లేకపోతే కామేష్‌ని రాజమండ్రికి, సోనిని శ్రీకాకుళానికి పంపేస్తారట.

ఊళ్ళో కారు కొనగలిగే మనిషిని నేను. పేరు బుధు. నేను మాట్లాడేది తక్కువ. నా తమ్ముడు ఫల్గుణకూ కారు మీద మనసుంది. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. నేను తెల్ల ఎద్దు కొంటే వాడు నల్లది కొంటాడు. నేను ఇంటికి రేకులు వేస్తే వాడు పెంకు వేస్తాడు. నేను కొనేదాకా వాడు కొనడు.

సంత సంతకూ ఇద్దరూ నన్ను చెరో చెయ్యీ పట్టుకుని లాగేవారు. తన బండికి పైన కిటికీ ఉందని సోని చెబితే, వానలు పడే కొండలో నెత్తిన కిటికీ దేనికని కామేష్ అడిగేవాడు. తన బండి లీటరుకు ఎంతో దూరం పోతుందని అతను చెబితే, తోసుకుంటూ పోతే ఇంకా దూరం పోతుందని ఆమె అనేది.

ఒక సంతనాడు వాన దంచేసింది. సోని పరుగెత్తి తెల్ల కారు ఎక్కేసింది. స్టీరింగ్ ముందు కామేష్, వెనక సీటులో నేను ఉన్నాం. నన్ను వాళ్ళు మరిచిపోయారు.

"ఏటి సారు, మీ ఏసీ సల్లగా నేదు" అంది, జడ పిండుకుంటూ.

"బయట ఇంత వాన పడతంటే ఇంకేటి సల్లదనం కావాల, మేడం?"

అంతే, ఇద్దరూ అద్దం మీద జారే నీళ్ళు చూస్తూ కూర్చున్నారు. వాన ఆగిపోయాక కూడా చూశారు.

పండగ ముందు రోజు నేను మిరియాలు ఆరబోస్తుంటే సోని వచ్చింది. తెల్ల కారే కొనమంది. "ఆ గుంటడు రాజమండ్రి ఎండకి మాడిపోతాడు, తాతా." నేను తల ఊపాను.

పండగనాడు కామేష్ నన్ను తెల్ల కారులో తిప్పడానికి తీసుకెళ్ళాడు. ఎత్తు ఎక్కుతూ నెమ్మదిగా, ఎర్ర కారే కొనమన్నాడు. ఆమెను సొంత ఊరి నుంచి పంపేస్తే తను చూడలేనన్నాడు. అతనికీ తల ఊపాను.

ఇటుకల పండగకు మా మగవాళ్ళు వేటకు పోతారు. వట్టి చేతులతో వచ్చినవాడి మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు పోస్తారు. దారిలో పోయే బండికి వెదురు అడ్డం పెట్టి పజోరు, అంటే పండగ డబ్బులు, వసూలు చేస్తారు. ఇవ్వకుండా ఎవరూ పోలేరు.

కల్వర్టు దగ్గర మా కారుకు వెదురు అడ్డం పడింది. ఫల్గుణ డప్పు కొడుతున్నాడు. ఆడవాళ్ళందరికంటే ముందు సోని, చేతిలో పేడనీళ్ళ కుండ.

"సారు ఏటి కొట్టారు వేటలో?"

కామేష్ దిగాడు. "ఏటీ నేదు, మేడం."

పజోరు తియ్యమన్నారు. ఫోను తీశాడు, సిగ్నల్ లేదు. జేబులు తిప్పాడు, కారు బొమ్మల కాగితాలు రాలాయి. ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. అతను నవ్వలేదు.

"నా సేతిలో ఏటీ నేదు. పజోరు కింద నన్నే ఉంచేసుకో, సోనీ."

డప్పు ఆగిపోయింది. సోని ముఖం ఆమె అమ్మే కారు రంగుకు వచ్చింది.

"ఉంచుకుంటే ఏటి లాభం? రేపు రాజమండ్రి పోతావు కదా" అంది.

అప్పుడు నేను కారు దిగాను.

"ఎర్ర కారు నాది" అన్నాను.

కామేష్ ముఖం వెలిగింది. సోని కళ్ళు నిండిపోయాయి. "తాతా, నాను నీకేటి సెప్పాను?"

ఫల్గుణ డప్పు కింద పెట్టాడు. "అయితే తెల్లది నాది. ఇయ్యాలే కొంతాను" అన్నాడు.

అందరూ నన్ను చూశారు. నేను కొండను చూశాను.

సోని ఏడుస్తూ నవ్వుతూ కుండెత్తి కామేష్ నెత్తిన గుమ్మరించింది. సగం కారు మీద పడింది. కారు అమ్ముడైంది, వేట దొరికినట్టే కదా, ఇంకా పేడనీళ్ళు ఎందుకని అతను మొత్తుకున్నాడు.

"ఆ వేట తాత కొట్టింది. నువ్వు వట్టి సేతులే" అంది. తన కొంగుతోనే అతని కళ్ళు తుడిచింది. ఆడవాళ్ళు వెదురు ఎత్తేశారు. అతను మాత్రం కదల్లేదు.

మర్నాడు పొద్దున్నే జీలుగు కల్లు కుండ పట్టుకుని మంగ్లు ఇంటికి నడిచాను. కుర్రాడి తరఫున పెద్దవాడు కల్లు తెచ్చాడంటే పిల్లను అడగడానికే. అరుగు మీద కుండ పెట్టి కూర్చున్నాను.

మంగ్లు కుండను చూశాడు. తలుపు చాటున నిలబడ్డ కూతుర్ని చూశాడు. ఎవరి తరఫున వచ్చావు మావా, అని అడిగాడు.

వీధి చివర తెల్ల కారు ఆగి ఉంది. పేడ మరకలు అలాగే ఉన్నాయి. వేలెత్తి దాన్ని చూపించాను.