ఎనిమిదో ఊపిరి తర్వాత

ఉదయం ఆరున్నరకు భీమిలి యోగమూల పరిశోధన కేంద్రంలో అందరి శ్వాససారథులూ ఒక్కసారిగా పని మొదలుపెట్టాయి. పక్కటెముకల కింద చుట్టుకునే ఆ పట్టీ ఊపిరిని తనే తీయిస్తుంది, తనే వదిలిస్తుంది. పన్నెండు నిమిషాలకు పచ్చదీపం వెలిగి ‘ప్రశాంతం’ అని చూపిస్తుంది. దేశమంతటా ధ్యానమంటే ఇప్పుడు ఇంతే, పళ్ళు తోముకున్నంత సులువు.

ఆ పట్టీలన్నిటికీ ఊపిరి పాఠం ఖరారు చేయడం ఇంద్రనీల్ ఉద్యోగం. అతని దగ్గరున్న మూలశోధిని యంత్రం తాళపత్రాలనూ, శిల్పాలనూ, గురుపరంపరల ఊపిరి నమూనాలనూ పోల్చి, తర్వాతి కాలంలో కలిసినవన్నీ ఏరేస్తుంది. వ్యాయామశాలల్లో చేరిన ఆసనాలు మొదటి ఏడాదిలోనే పోయాయి. హఠయోగుల బంధాలూ ముద్రలూ ఆ తర్వాత పోయాయి. కదలకుండా కూర్చోవడం, ఊపిరిని గమనించడం మిగిలాయి.

ఆఖరి నమూనా వకుళమ్మది. పట్టీ లేకుండా ధ్యానం నేర్పేవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే. డెబ్బై దాటాయి, ఇప్పుడు శిష్యులెవరూ లేరు. ఈ పాఠంలో చోటు దక్కకపోతే ఆవిడ పద్ధతి ఆవిడతోనే పోతుంది.

ఆవిడ ఎదుట కూర్చుని ఊపిరి తీస్తుంటే మూలశోధిని తెర మీద ఎర్రగీత పడింది.

“ఎనిమిదో ఊపిరి తర్వాత నలభై అంకెలు లెక్కపెట్టేంతసేపు ఆగుతున్నారమ్మా. ఏ గ్రంథంలోనూ లేదు. దోషమని చూపిస్తోంది” అన్నాడు ఇంద్రనీల్.

“దోషమేటి బాబూ? మా గురువుగారు అప్పుడు లేచి అందరి వీపుల మీదా చెయ్యేసి చూసేవోరు. ఎవరికి నొప్పుందో, ఎవరు ఏడుపు దిగమింగుతున్నారో చేతికి తెలిసిపోద్దనేవోరు. నేనూ అలాగే నేర్పాను. ఇప్పటికీ నా ఒళ్ళు అక్కడ ఆగిపోద్ది.”

“ఆయనకు ఎవరు నేర్పారు?”

“ఆళ్ళ గురువు. అంతకు ముందు సంగతి నాకేటి తెలుసు?” నవ్విందావిడ. “ఎవరో ఒకరు మొదట కూచునుంటారు. పక్కోడికి చెప్పబట్టే కదా నీ దాకా వచ్చింది.”

లేచి వెళ్ళబోతూ అతని వీపు మీద అరచెయ్యి ఆనించింది. “ఇంతలా బిగుసుకుపోయిందేటి? నిద్రోతున్నావా?”

రెండు నెలలుగా అతనికి నిద్ర లేదు. పట్టీ మాత్రం రోజూ ‘ప్రశాంతం’ అనే అంటోంది.

ఆవిడ వెళ్ళాక ఎర్రగీత చెరిపేసి, ఆ విరామం కూడా ‘మూలపాఠం’లోదేనని సంతకం చేశాడు. అది అబద్ధం. బయటపడితే ఉద్యోగం పోతుంది. తెలిసే చేశాడు.

సోమవారం కొత్త పాఠం మొదలైంది. ఎనిమిదో ఊపిరి తర్వాత పట్టీలన్నీ ఆగాయి. హాల్లో నలభైమందికీ ఏం చేయాలో తోచలేదు. చిన్నప్పటి నుంచీ పట్టీ ఆడించినట్టు ఊపిరి పీల్చినవాళ్ళు మరి. ఆ నిశ్శబ్దంలో ఎవరో వెక్కి ఏడవడం వినిపించింది.

పక్కన కూర్చునే హైమవతి. తాళపత్రాలు చదువుతుంది. ఆరేళ్ళుగా ఇద్దరివీ పక్కపక్క చాపలే.

ఇంద్రనీల్ మొహమాటంగా ఆమె వీపు మీద చెయ్యి వేశాడు. “ఏమైందండీ?”

“మా అమ్మాయి పోయి నాలుగు నెలలైందండీ” అంది.

తొమ్మిదో ఊపిరి మొదలైంది. పట్టీ ఆమె వెక్కిళ్ళను అణిచేసి, ఊపిరిని మళ్ళీ వరసలో పెట్టింది. అతని అరచేతి కింద ఆమె ఒళ్ళు ఇంకా వణుకుతూనే ఉంది. పన్నెండో నిమిషానికి ఆమె పట్టీ మీద ‘ప్రశాంతం’ అంటూ పచ్చదీపం వెలిగింది.