ఆరో నాంచారి

అంగారకుడి మీది మూడో గుమ్మటంలో నీళ్ళకు వంతులుండేవి. ఆ ఉదయం కుళాయి దగ్గర వరసలో నిలబడ్డ ఒక పిల్ల "నాంచారమ్మ తాతమ్మా, నీ కర్రేదమ్మా?" అని పాట కట్టింది. అందరూ నవ్వారు. తొమ్మిదేళ్ళ నాంచారి ఏడుస్తూ తల్లి ప్రయోగశాలకు పరుగెత్తింది.

"నాకీ పేరొద్దమ్మా. మార్చెయ్!"

హైమవతి మనసు చివుక్కుమంది. వాళ్ళింట్లో తరానికో ఆడపిల్లకు పెట్టుకుంటూ వచ్చిన పేరది; తన కూతురు ఆరో నాంచారి. మొదటి నాంచారి కాలవగట్టున దొంగలకు ఎదురు నిలిచి ప్రాణమిచ్చిందట. ఆ కథ వింటూ పెరిగిన హైమవతి పదేళ్ళు శ్రమించి నామదర్శిని అనే యంత్రాన్ని తయారుచేసింది.

తీవ్రమైన భయం, కోపం ఒంట్లో రసాయన గుర్తులు వదులుతాయి. అవి జన్యువులతోపాటు బిడ్డలకు సంక్రమిస్తాయి. వాటికి స్మృతిముద్రలని పేరు పెట్టిందామె. చెవిలో పేరు పలికితే చాలు, దానితో ముడిపడ్డ ముద్ర మేలుకుంటుంది. మెదడులో కదిలే దృశ్యం తెర మీదా కనిపిస్తుంది. ఆ కథ కళ్ళారా చూస్తే పేరు మీద ఇష్టం కలుగుతుందని హైమవతి కూతుర్ని కుర్చీలో కూర్చోబెట్టి తలకు యంత్రం తొడుగు పెట్టింది.

"ముందు మీరు చూడండి మేడమ్," అన్నాడు సహాయకుడు ఫణిభూషణం. "రక్తం చూసిందే మనకు చూపిస్తుంది. మీ ఇంట్లో చెప్పుకున్నది కాదు."

"మా నాంచారమ్మ కథ నాకు తెలీనిదా? మీరు స్విచ్చి వెయ్యండి."

తెర మీద ఎండ, కాలవ. కిందగా రెండు చేతులు. గాజుల్లేవు. వెంట్రుకలున్న మగచేతులు. వాటిలో పార.

ఎదురుగా మోకాలి లోతు నీళ్ళలో ఒకామె. "ఈ పూట వంతు మాది రామన్నా! నా పైరు ఎండిపోతోంది!"

"నాంచారీ, అడ్డు తప్పుకో!"

ఆమె తప్పుకోలేదు. పార లేచింది. మొదటి దెబ్బ భుజం మీద పడింది. ఆమె చేతులు జోడించింది. రెండో దెబ్బ ఆ చేతుల మీదే పడింది. ఆ తర్వాత ఎన్ని దెబ్బలో హైమవతి చూడలేకపోయింది. కాలవ ఎర్రగా పారి రామన్న మడిలోకి మళ్ళింది.

దృశ్యం మారింది. ఉయ్యాల. ఒక ముసలి గొంతు వణుకుతోంది: "పుట్టినోళ్ళు పుట్టినట్టే పోతన్నార్రా. నువ్వు చంపినదాని పేరే పెట్టు. ఇంట్లో పిలుచుకుంటుంటే శాంతిస్తది."

"ఆపండి!" హైమవతి కూతురి తలమీంచి తొడుగు లాగేసింది. "భయపడకు తల్లీ. అది నువ్వు కాదు. పేరు మార్చేద్దాం. ఇవాళే."

నాంచారి కళ్ళలో నీళ్ళు ఆరిపోయాయి. లేని పారను పట్టుకున్నట్టు పిడికిళ్ళు ఇంకా బిగిసే ఉన్నాయి.

"వద్దమ్మా," అంది నెమ్మదిగా. "భయం ఆవిడకే వేసింది. నాకు వెయ్యలేదు."

యంత్రం అలవాటుగా తన చివరి ప్రశ్న అడిగింది: "నీ పేరు ఇప్పుడు నచ్చిందా?"

"నచ్చింది."

"ప్రయోగం ఫలించింది," అంది యంత్రం.

నాంచారి కుర్చీ దిగి కుళాయి వైపు నడిచింది. వరసలో ఆ పిల్ల ఇంకా నిలబడే ఉంది.