ఫినాయిల్‌తో కడిగిన వ్యాను

ఈ కథలో దోషి మా బావ. అక్క మొగుడని గౌరవించి అసలు పేరు ఎత్తను గానీ, ఊరంతా ఆయన్ని ‘సరేనండీ’ అనే పిలుస్తుంది. ఎవరు ఏ పని అడిగినా సరేనండీ అనేస్తాడు. చేసి చావాల్సింది నేను.

ఆ రోజు పొద్దున్నే ఫోను.

“బామ్మర్దీ, ఒక టైలరమ్మ పక్క ఊరికి మకాం మారుస్తోంది. సామాను నిన్నే పోయింది. ముసలి పిల్లి ఒకటి మిగిలింది. బస్సులో ఎక్కనివ్వరు, మాట్లాడుకున్న కారువాడు హ్యాండిచ్చాడు. మధ్యాహ్నానికి ఇంటి తాళం అప్పజెప్పాలట. నువ్వొస్తావని చెప్పేశా.”

“నాది చేపల వ్యాను, బావా!”

“పిల్లికి అంతకంటే ఏం కావాల్రా?”

ఒళ్ళు మండింది. అయినా ఆ కంపుతో ఒక ఆడమనిషి గుమ్మం ముందు ఆగడానికి మనసొప్పలేదు. సీసాడు ఫినాయిల్ కుమ్మరించి వ్యాను వెనక భాగం అద్దంలా కడిగాను.

వెళ్ళేసరికి టైలరమ్మ గుమ్మంలోనే ఉంది. మెడలో కొలతల టేపు, చేతిలో పిల్లి బోను. ఆవిడ వెనక తలుపు తెరిచి, ముక్కు మూసుకుని, ఠప్పున వేసేసింది.

“ఎవరు చేశారీ పని?”

“నేనే,” అన్నాను, మెచ్చుకుంటుందనుకుని.

“బుద్ధుందా? ఫినాయిల్ పిల్లికి విషం! కాళ్ళకి అంటితే నాకుతుంది, నాకితే పోతుంది.”

“అయితే చేపల కంపే ఉంచాల్సిందా?”

“ఉంచాల్సింది! హాయిగా కూర్చునేది.”

పుట్టిన దగ్గర్నుంచీ ఏ మంచి పని చేసినా నాకు తిట్లే. “ఇంకో బండి చూసుకోండి,” అని బండి తాళం తిప్పాను.

ఆవిడ కదల్లేదు. ఖాళీ ఇంటి గుమ్మంలో బోనును గుండెకి హత్తుకుని, “ఇంకో బండి లేదు. దీన్ని వదిలి నేను వెళ్ళను,” అంది. అదీ కోపంగానే.

తిట్టుకుంటూ ఇంజను ఆపాను. “ముందు సీట్లో ఎక్కండి. అక్కడ కడగలేదు.”

ఆవిడ సీటుకి టేపు పెట్టింది. సరిగ్గా మూడు మూరలు. బోను కిటికీ వైపు పెట్టి బెల్టు బిగించింది. తను నడుమ ఇరుక్కుంది.

“చెయ్యి!”

“గేరండీ. కంపెనీవాడు అక్కడే పెట్టాడు.”

“నెమ్మదిగా మార్చండి. పిల్లి పడుకుంది.”

దారిలో వాన. నా వైపు అద్దం ఎత్తితే వెనక నుంచి ఫినాయిల్ ఘాటు. దించే ఉంచాను. భుజం తడిసి ముద్దయింది. ఆవిడ చూసి తువ్వాలు నా మీద పడేసింది.

“చొక్కా కుట్లు కూడా ఊడాయి. కుట్టేవాళ్ళు లేరా?”

“లేరు.”

“ఆ నోటికి ఎవరుంటారు?”

“మీకూ పిల్లేగా మిగిలింది!”

ఫక్కున నవ్వింది. నాకు ఇంకా కోపం వచ్చింది. అంత బాగా నవ్వే మనిషి దారంతా అరవడం దేనికి?

దిగేటప్పుడు అంది: “ఆ చొక్కా పట్టుకుని ఆదివారం రండి.”

“తిడతారు.”

“తిడతాను. రండి.”

వెళ్ళాను. వెళ్ళిన ప్రతిసారీ తిట్టింది. చివరికి అక్కా బావా సంబంధం మాట్లాడటానికి వెళ్తే, ఈసారి ఆవిడే అంది, సరేనండీ అని.

“నీకు పోయిందేముందిరా?” అంటాడు బావ ఇప్పటికీ.

పోలేదా? ఒక్కణ్ణే ఏలుకున్న మూడు మూరల సీటులో కిటికీ వైపు మూర పిల్లికి, నడిమి మూర ఆవిడకి. మొత్తం రెండు మూరలు.