తాళం పగలని పెట్టె

సోమేశ్వరరావు పోలీసు ఉద్యోగం మానుకుని, బహ్రెయిన్‌లోని హూరాలో తెలుగువాళ్ళ చిక్కులు విప్పే డిటెక్టివ్‌గా పేరు తెచ్చుకున్నాడు. ఆ శుక్రవారం మధ్యాహ్నం నాగమల్లేశ్వరి అతని గదికి పరుగెత్తుకొచ్చింది.

"బాబుగారూ, నా కాగితం పోయిందండీ!"

"కూర్చోండమ్మా. బాగా ఏడ్చినట్టున్నారు."

"ఏడుపొకటీ, పొద్దున తలంటించుకుంటే కళ్ళల్లో పడ్డ కుంకుడొకటీ."

ఆమె కూతురు లక్ష్మిప్రసన్న ఇంటర్ ఇక్కడే చదివి, ఇంజనీరింగ్ సీటు కోసం కాకినాడ వెళ్ళింది. తల్లిదండ్రులు ఆంధ్రావాళ్ళేననీ, ఉద్యోగానికే బయటికొచ్చారనీ రుజువు చూపకపోతే పిల్ల పరాయి రాష్ట్రం లెక్కే. ఆ ఫీజు వాళ్ళ తరం కాదు. ఎంబసీ ముద్ర పడ్డ ఆ రుజువే పెట్టెలోంచి మాయమైంది. ఇంకోటి ఇవ్వడానికి కఫీల్, అదే వీసా ఇచ్చిన యజమాని, ఊళ్ళో లేడు. ఈ రాత్రి ఊరికి విమానమెక్కే పేరయ్య చేతికి అందకపోతే ఇక అంతే.

"పక్కగది భీమరాజుగారి కొడుకూ ఆ సీటుకే పోటీ అండి," అంది.

"ఇంకేంది సార్, దొంగ దొరికిండు!" అన్నాడు అసిస్టెంటు గంగాప్రసాద్.

"నీకు దొరికాడు. నాకింకా దొరకలేదు," అని డిటెక్టివ్ లేచాడు.

ఆమె గదిలో రెండు మంచాలు. రెండోది పాపాయమ్మది. ఇళ్ళల్లో వంట చేసుకు బతికే ఒంటరి మనిషి. డిటెక్టివ్ పెట్టె తాళం తడిమి, వేళ్ళు వాసన చూశాడు.

"తాళంచెవి ఎక్కడుంటుంది?"

"పుస్తెలతాడుకే, పిన్నీసుతో. రాత్రి కాగితం చూసుకునే పడుకున్నా. స్నానమై, దణ్ణం పెట్టుకుని తెరిస్తే లేదు."

భీమరాజుని పిలిపించారు.

"నైట్ డ్యూటీ చేసొచ్చి పడుకున్నానండి," అని మండిపడ్డాడతను. "మావోడికి సీటు రావాలంటే ఆడు సదవాలి. ఆడపిల్ల కాగితం కొట్టేత్తే వత్తాదేంటండీ?"

డిటెక్టివ్ అందరినీ కూర్చోబెట్టాడు.

"తాళం పగల్లేదు. దాని మీద ఎండిన కుంకుడు నురగ ఉంది. నురగ చేతులతో ఎవరో తెరిచారు. భీమరాజుగారికి కుంకుడుకాయలతో పనే లేదు."

భీమరాజు తన బోడిగుండు తడుముకున్నాడు.

"మల్లేశ్వరిగారు కళ్ళు గట్టిగా మూసుకుని కూర్చున్నప్పుడు మెళ్ళోంచి చెవి తీసి, మళ్ళీ తగిలించగలిగింది ఒక్కరే. ఆవిడకి తలంటినవారు."

నాగమల్లేశ్వరి నెమ్మదిగా పాపాయమ్మ వైపు తలతిప్పింది. "పిన్నీ?"

పాపాయమ్మ దిండు గలేబులోంచి కాగితం తీసింది. ఒక్క మడత కూడా నలగలేదు.

"పిల్లకి సీటొస్తే నువ్వూ పనికి ఖలాస్ చెప్పి ఎళ్ళిపోతానన్నావు కదే. శుక్రవారం సెలవు పూట పలకరించే మనిషి నాకెవరున్నారు? పేరయ్య ఎళ్ళిపోయాక ఇచ్చేద్దామనుకున్నా."



"సీటొస్తే ఎళ్ళిపోతాను పిన్నీ," అంది నాగమల్లేశ్వరి. "నీకు అబద్ధం చెప్పలేను."

"తెలుసులే. పేరయ్య బయల్దేరే ఏళయింది. నేనే ఇచ్చి రానా?"

గంగాప్రసాద్ అడ్డం రాబోతే డిటెక్టివ్ భుజం పట్టి ఆపాడు. నాగమల్లేశ్వరి ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. కాగితాన్ని ఆమె చేతిలోనే ఉంచి, గుప్పిట మూసింది.

పాపాయమ్మ మెట్లు దిగింది. చెప్పుల చప్పుడు వీధిలో కలిసిపోయాక, పిన్ని లేని ఆ ఇరుకు గది ఎంత పెద్దదో నాగమల్లేశ్వరికి మొదటిసారి తెలిసింది.