గాజుల కొట్లు ఏమైపోయాయి?

ఆటో గుంతలో పడి లేచిన ప్రతిసారీ నీలి ఒడిలో ఉన్న మేకపిల్ల సన్నగా మూలుగుతోంది. పొద్దున అరిచినంత గట్టిగా ఇప్పుడు అరవడం లేదు. నీలి దాని చెవులు నిమురుతూ అడిగింది.

"ఇంకెంత దూరం?"

"వచ్చేసినం. దిగంగనే గాజుల కొట్లు కనవడ్తయి చూడు," అంది సాహితి. ఒళ్ళో డ్రాయింగ్ పుస్తకం పెట్టుకుని, ఆ ఊరు తానే కట్టించినట్టు మెడ నిక్కించి చూస్తోంది. పక్కన నీలి వాళ్ళ అవ్వ సాలమ్మ కొంగుతో మేకపిల్లకు ఎండ తగలకుండా అడ్డం పట్టింది.

సాహితి వాళ్ళు జనగామ నుంచి మరిపెడకు వచ్చి రెండు నెలలైంది. నాన్న రవీందర్‌కు కరెంటాఫీసులో బదిలీ అయింది. కొత్త చోట బిడ్డకు పొద్దు పోవడం లేదని ఆయన ఆదివారం ఆదివారం చుట్టుపక్కల ఏదో ఒక ఊరికి బండి మీద తీసుకుపోతున్నాడు. ఒక వారం తొర్రూరు, ఒక వారం కురవి, ఇంకో వారం మహబూబాబాద్. ఇంటికి రాగానే సాహితి ఆ ఊరి దారులు పుస్తకంలో గీసేది. సోమవారం ఆ పుస్తకం ఆరో తరగతి అంతా ఒక చుట్టు తిరిగి వచ్చేది. మొదటి నెలంతా ఒక్కతే కూర్చుని డబ్బాలో అన్నం తిన్న పిల్ల చుట్టూ ఇప్పుడు నలుగురు చేరుతున్నారు. అది సాహితికి ఎంత బాగుందో చెప్పలేం.

పోయిన ఆదివారం చూసిన ఊరు నెమలికుంట. మంగళవారం నీలి ఏడుపు మొహంతో బడికి వచ్చింది. వాళ్ళ మేకపిల్లకు జ్వరం. రెండు రోజులుగా మేత ముట్టడం లేదు. మరిపెడలో ఉండే పశువుల డాక్టరు కూతురి పెళ్ళికని సెలవు పెట్టాడు. నెమలికుంటలో ఇంకో దవాఖాన ఉందని ఎవరో చెప్పారు. సాలమ్మ పనులన్నీ మరిపెడలోనే. ఆమె ఎన్నడూ అటు పోయింది లేదు.

"నాకు తెలుసు!" అంది సాహితి. నీలి అడిగేదాకా కూడా ఆగలేదు. "పచ్చ గేటు. దాని మీద ఆవు బొమ్మ. కండ్లు మూసుకొని తీస్కపోత. ఎవ్వల్ని అడిగే పనే లేదు."

బుధవారం బడిలో ఏదో పరీక్షకు సెంటర్ పడిందని పిల్లలకు సెలవిచ్చారు. "అవ్వ చెయ్యి ఇడవద్దు," అని సాహితికి అమ్మ అరుణ నాలుగుసార్లు చెప్పి పంపింది. అలా ఈ ప్రయాణం మొదలైంది.

ఆటో మూలమలుపులో ఆగింది. "జల్ది పోండ్రి. పన్నెండు గొట్టంగనే డాక్టర్ సారు ఊర్ల మీదికి పోతడు," అన్నాడు ఆటో ఆయన. అప్పటికి పదకొండు దాటింది.

సాహితి ముందుగా దిగింది. దిగి అక్కడే నిలబడిపోయింది.

గాజుల కొట్లు లేవు.

ఒకటో రెండో లేకపోతే సరేలే అనుకోవచ్చు. ఆదివారం తాను వరసగా పద్నాలుగు లెక్కపెట్టింది. కర్రలకు ఎర్రవి, పచ్చవి గాజులు గుత్తులుగా వేలాడుతుంటే దారి కూడా కనిపించలేదు. ఇప్పుడు అక్కడ ఉత్త మట్టి నేల. ఒక బర్రె ఎండిన కాలీఫ్లవర్ ఆకులు నములుతూ సాహితిని చూసింది.

"అన్నా! ఇది నెమలికుంటనేనా?"

"బోర్డు కనవడ్తలేదా బిడ్డా?" అంటూ ఆటో ఆయన బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో నెమలికుంట అనే ఉంది.

సాహితి బోర్డును మళ్ళీ చదివింది. ఊరు అదే. రోడ్డు అదే. మరి పద్నాలుగు దుకాణాలు ఎటు పోయినట్టు? పుస్తకం తెరిచి చూసుకుంది. బొమ్మలో గాజుల కొట్లు ఉన్నాయి. కళ్ళెత్తితే లేవు.

"ఎటు పోవాలె?" అంది నీలి.

"గిటు. ముందట ఎండు చేపలమ్మేటోళ్ళు ఉంటరు. వాళ్ళ కాడ కుడికి మర్రాలె."

పుస్తకంలో అక్కడ 'వాసన రాగానే కుడికి' అని రాసి పెట్టుకుంది. సాహితి ముక్కు ఎగబీలుస్తూ నడిచింది. అది చూసి నీలి కూడా ఎగబీల్చింది. ఇద్దరికీ దుమ్ము వాసన తప్ప ఏమీ రాలేదు. ఆదివారం చూసిన తాళ్ళు, పలుపులు అమ్మే తాత కూడా లేడు. ఆయన కూర్చున్న చోట ఎవరిదో స్కూటర్ ఆపి ఉంది.

"ఎవ్వలనన్న అడుగుదమా బిడ్డా?" అంది సాలమ్మ.

"వద్దవ్వా, నాకు తెలుసు."

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో సాహితికి తన పేరు తప్ప ఏమీ తెలియదు. కానీ అడిగితే ఏమవుతుంది? రేపు క్లాసులో అందరికీ తెలిసిపోతుంది. పుస్తకాన్ని ఎవరూ ముట్టరు. మళ్ళీ ఒక్కతే కూర్చుని డబ్బాలో అన్నం తినాలి. ఆ ఊహకే చెవులు వేడెక్కాయి. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది ఆమె పని.

ఒక సందులోకి తీసుకుపోయింది. అది ఒక ఇంటి వాకిట్లో ఆగిపోయింది. ఇంకో దారి పట్టింది. నీళ్ళ ట్యాంకు వచ్చింది. తన పుస్తకంలో నీళ్ళ ట్యాంకే లేదు. వెనక్కి తిరిగారు. మూడో దారి పత్తి చేను దగ్గర తేలింది. అక్కడి నుంచి మళ్ళీ నీళ్ళ ట్యాంకు దగ్గరికే వచ్చారు.

సాలమ్మ ఇక నడవలేక గోడ నీడన కూలబడింది. మేకపిల్ల తల నీలి మోచేతి మీది నుంచి కిందికి వేలాడుతోంది. కళ్ళు సగం మూతపడ్డాయి.

"సాహితీ, నీకు నిజంగ తెలుసా?" అంది నీలి.

"తెలు..." అనబోయింది సాహితి. అలవాటు కొద్దీ నోరు దానంతటదే తెరుచుకుంది. మేకపిల్లను చూశాక మిగతా మాట బయటికి రాలేదు.

"తెల్వదు," అంది చివరికి. "గాజుల కొట్లు దిగంగనే లేకుండె. అప్పటి సంది నాకేం సమజయితలేదు."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?" అంది నీలి.

సాలమ్మ కోప్పడలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. "నోరు మంచిదైతె ఊరు మంచిదైతది. పా, అడుగుదం."

ఆమె లేచేలోపే సాహితి పరుగెత్తింది. రోడ్డు మీద ఒక చాయ్ హోటల్ ఉంది. లోపల చంద్రమ్మ అనే పెద్దావిడ గ్లాసులు కడుగుతోంది. సాహితి రొప్పుతూ పుస్తకం ఆమె ముందు పెట్టింది.

"పెద్దమ్మా, ఈ గాజుల కొట్లు ఏమైపోయినయ్?"

చంద్రమ్మ బొమ్మను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. తరువాత భుజాలు కదిలేలా నవ్వింది.

"అయ్యో బిడ్డా! గిది ఊరు గాదు, అంగడి! మా ఊర్ల అంగడి ఆదివారం ఒక్కరోజే. పొద్దుగూకంగనే ఎవ్వల మూట వాళ్ళు గట్టుకొని పోతరు. సోమారం ఇంకో ఊర్ల అంగడి, మంగళారం ఇంకో ఊర్ల. గాజులోళ్ళు ఇయ్యాల ఏ ఊర్ల ఉన్నరో ఏమో."

సాహితి నోరు తెరిచి వింది. జనగామలో వాళ్ళ ఇంటి పక్క మార్కెట్ రోజూ ఉండేది. ఇవాళ ఉన్న దుకాణం రేపు ఉండదని ఆమెకు కలలో కూడా తోచలేదు.

"మరి పశువుల దవాఖాన? పచ్చ గేటు?"

"అది ఏడికి పోతది? గా నీళ్ళ ట్యాంకు ఎనకనే."

రెండుసార్లు వాళ్ళు దాని ముందుకు పోయి వెనక్కి వచ్చారు.

ముగ్గురూ పరుగులాంటి నడకతో వెళ్ళారు. పచ్చ గేటు ఉంది. ఆవు బొమ్మ ఉంది. గేటుకు తాళం కూడా ఉంది. ఎదురింటామె బయటికి తొంగి చూసి, "ఇప్పుడే పోయిండు సారు. మల్ల నాలుగింటికి వస్తడు," అంది.

నీలి గేటు పట్టుకుని ఏడ్చేసింది.

ఎదురింటి అరుగు మీద కూర్చున్నారు. సాహితి చంద్రమ్మ దగ్గరికి పోయి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. నీలి చేతివేళ్ళు తడిపి మేకపిల్ల నాలుకకు రాసింది. దాని పొట్ట మెల్లగా పైకీ కిందికీ కదులుతుంటే సాహితి దాన్నే చూస్తూ కూర్చుంది. అది ఒక్కసారి ఆగినట్టు అనిపించినా ఆమె ఊపిరి కూడా ఆగిపోతోంది.

"సచ్చిపోతదా అవ్వా?" అంది నీలి.

"ఏమో బిడ్డా. సారు రానీ."

సాహితికి కళ్ళనీళ్ళు ఆగలేదు. "నేను గీ ఊరికి ఒక్కసారే వచ్చిన నీలీ. డాడీ బండి మీద. గంట గూడ ఉండలే."

"గంట గూడ ఉండకనే కండ్లు మూసుకొని తీస్కపోత అన్నవా?"

"అన్న."

నీలి మొహం పక్కకు తిప్పుకుంది.

నాలుగు గంటలకు డాక్టరు వచ్చాడు. మేకపిల్లను బల్ల మీద పడుకోబెట్టి చూశాడు. సూది వేశాడు, మందు తాగించాడు. "పొద్దున్నే తెస్తే ఇంత నీరసపడకపోవు గదమ్మా," అన్నాడు సాలమ్మతో. "ఈ రాత్రి గడిస్తే భయం లేదు. నాలుగు రోజులకు ఇంకో సూది ఎయ్యాలె, తీస్కరా."

సాలమ్మ తలూపింది. ఎవరి వల్ల ఆలస్యమైందో ఆమె చెప్పలేదు. చెప్పి ఉంటే సాహితికి కొంచెం తేలికగా ఉండేది.

మరునాడు నీలి వేరే బెంచీలో కూర్చుంది. "మేకపిల్ల ఎట్లుంది?" అని సాహితి అడిగితే, "ఉన్నది," అని ఒక్క మాటన్నది. శుక్రవారం మాత్రం ఆపుకోలేక తానే వచ్చి చెప్పింది. "పొద్దున రెండు సుబాబుల్ రెమ్మలు తిన్నది." చెప్పి మళ్ళీ తన బెంచీకి వెళ్ళిపోయింది.

శనివారం బడి విడిచాక సాహితి ఆమె వెంట పరుగెత్తింది.

"రేపు సూదికి నేను గూడ వస్త."

"దారి మాకిప్పుడు తెలుసు గద," అంది నీలి. నాలుగడుగులు వేశాక వెనక్కి తిరగకుండానే, "వస్తె రా," అంది.

ఆదివారం పొద్దున్నే మూలమలుపులో ఆటో దిగారు. దిగీ దిగగానే ఎదురుగా గాజులు! పద్నాలుగు కొట్లూ ఎక్కడివక్కడ ఉన్నాయి. కాస్త ముందు నుంచి ఎండు చేపల వాసన గుప్పుమంటోంది. మనుషులు ఒకరినొకరు తోసుకుంటూ నడుస్తున్నారు.

"అవ్వో! గియ్యన్ని యాడికెళ్ళి వచ్చినయ్!" నీలి కళ్ళు ఇంతవి చేసింది. "నువ్వు గీసిందంత నిజమే!"

'చూసినవా? నేను చెప్పలే?' అన్న మాట సాహితి నాలుక చివరి దాకా వచ్చింది. ఎంత తియ్యగా ఉండేదో ఆ మాట! దాన్ని మింగేసింది.

నీలి మేకపిల్లను ఎత్తుకుని నీళ్ళ ట్యాంకు వైపు బయలుదేరింది.

"జర ఆగు," అంది సాహితి.

"ఎందుకు? పచ్చ గేటు గటే గద?"

"గటే. అయినా అడుగుత."

చాయ్ హోటల్ ముందు ఇసుకేస్తే రాలనంత జనం. సాహితి వాళ్ళ మధ్య నుంచి దూరి పోయింది. "పెద్దమ్మా! ఇయ్యాల డాక్టర్ సారు దవాఖానలనే ఉంటడా?"

చంద్రమ్మ చాయ్ వడగడుతూనే తల అడ్డంగా ఊపింది. "అంగడి నాడు ఆడ ఎవ్వలుంటరు బిడ్డా? మేకల అంగడి కాడ మందుల డబ్బా పెట్టుకొని కూసుంటడు. పదకొండింటికే లేస్తడు, జల్ది పోండ్రి."

నీలి, సాలమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పచ్చ గేటు దగ్గరికి పోయి ఉంటే ఈ రోజు కూడా తాళమే కనిపించేది.

"మేకల అంగడి ఎటు సాహితీ?" అంది నీలి గాభరాగా.

"నాకు తెల్వదు," అంది సాహితి. ఆ మాట చెప్పడం ఇంత తేలికని ఆమెకు ఇన్నాళ్ళూ తెలియదు.

నీలి ఆమెను ఒక్క క్షణం చూసింది. తరువాత మేకపిల్లను తెచ్చి సాహితి చేతుల్లో పెట్టింది. "నువ్వు జరసేపు ఎత్తుకో. నేను గాజులామెను అడుగుత."

మేకపిల్ల వెచ్చగా, బరువుగా ఉంది. కుదురుగా ఉండకుండా సాహితి జడ అందుకుని నమలడం మొదలుపెట్టింది. సాహితి దాన్ని గట్టిగా పొదువుకుని, ఎదురుగా వస్తున్న తాళ్ళ తాతకు అడ్డంగా నిలబడింది.

"తాతా, మేకల అంగడికి ఎటు పోవాలె?"